గమ్ గిన్నెలో మామిడి వాసన

బతుకుతెరువుకు వలస వచ్చిన తెలుగువాళ్ల పేట డిండోలిలోని ఆ ఇరుకు గదిలోకి నవత అడుగుపెట్టేసరికి ఎల్లవ్వ నోట్లోంచి చొంగ కారుతోంది. చీర చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. చుట్టూ సగం వరకు మెరుపు రాళ్లు అంటించిన చీరలు, మధ్యలో గమ్ గిన్నె.

"రాళ్లు పెట్టుకుంటనే గిట్ల ఒరిగింది సిస్టరమ్మా," అంది పక్కింటి పద్మారాణి. వెంటనే గొంతు తగ్గించింది. "పొద్దుగాల మొగనితోటి లొల్లి అయింది. మందు తాగిందేమో!"

ఆ పేటలో ఇల్లిల్లూ తిరిగే నర్సు నవత. 108కి ఫోన్ చేసి, ఎల్లవ్వ కనురెప్పలు ఎత్తి చూసింది. కనుపాపలు ఆవగింజలంత అయ్యాయి. చొంగ, చెమట, వాంతి. అన్నీ పురుగుల మందు లక్షణాలే. ఆ మాటే చెబితే ఆసుపత్రిలో కడుపు కడుగుతారు. కానీ నోటి దగ్గర మందు వాసన లేదు.

నాడి చూద్దామని చేయి పట్టుకుంటే గుప్పుమంది వాసన. మాగిన మామిడి, పుదీనా.

మొన్న బుధవారం వేప్ అనే ఈ-సిగరెట్ల గురించి చెప్పడానికి బడికి వెళ్లినప్పుడు, వెనక బెంచీ నుంచి వచ్చిందీ వాసనే. ఆ బెంచీలో కూర్చున్న ఎల్లవ్వ కూతురు హారతి ఇప్పుడు గోడకు అతుక్కుని నిలబడింది.

నవత చేతులకు గ్లౌజులు వేసుకుంది. "గమ్‌ల అమ్మ ఏం కలిపింది?"

"గట్టిపడ్డదని థిన్నర్ పోసింది," పద్మారాణే జవాబిచ్చి, అరమీద వరుసగా ఉన్న సన్న ముక్కు థిన్నర్ సీసాల్లో ఖాళీది చూపించింది. "గదే. రెండు గంటల సంది వేలు ముంచి పెడుతున్నది."

"అది థిన్నర్ కాదు. సబ్బు, నీళ్లు తే, జల్ది! నువ్వు ముట్టకు."

మోచేతుల దాకా కడుగుతుంటే ఎల్లవ్వ కాళ్లు ఎగిరెగిరి పడసాగాయి. ఊపిరి ఆగి ఆగి వస్తోంది.

"హారతీ, సీసల ఏమున్నది?"

"నాకేం తెల్సు దీదీ?" అన్న హారతి, నవత దగ్గరికి జరిగి గొణిగింది. "బాపుకు తెలిస్తే బడి మాన్పిస్తడు. బడికొచ్చినప్పుడు పేర్లు ఎవ్వరికి చెప్పనన్నవు గద?"

"నేను చెప్ప. మరి డాక్టర్‌కు ఏం చెప్పాలె? మామిడి వాసనొచ్చిందనా? ఎంత ఘాటుదో నీకే ఎరుక."

బయట స్కూటర్ ఆగింది. జుట్టు నిండా నూలు పొట్టుతో మగ్గాల కాడినుంచి వచ్చి దిగాడు ఎల్లవ్వ భర్త పరుశురాం. "మందు తాగిందా? నా మీద కోపానికి పాణం తీసుకుంటవే?" గుమ్మంలోనే కూలబడి తల బాదుకున్నాడు.

సైరన్ సందు మొదట్లో వినిపించింది. అంబులెన్స్ కుర్రాడు స్ట్రెచర్‌తో లోపలికొస్తూనే హిందీలో అడిగాడు, ఏం తాగిందని.

"జహర్," విషమేనన్నాడు పరుశురాం ఏడుస్తూ.

నవత నోరు తెరిచింది. అంతకంటే ముందే హారతి తండ్రిని దాటుకుని స్ట్రెచర్‌కు అడ్డంగా నిలబడింది.

"నహీ! కుఛ్ నహీ పియా! ఏం తాగలే!" తండ్రి వైపు తిరిగింది. "వేప్‌లో పోసే నికోటిన్. పలచన చెయ్యనిది. చేతులకెళ్లి ఎక్కింది. నాది బాపూ. నేనే తెచ్చిన. క్లాసుల అందరికి నేనే కలిపిస్త. థిన్నర్ సీసల దాస్తే అమ్మకు ఎరుక లేక..."

నవత ఆ మాటను హిందీలో చెబితే, కుర్రాడు ఫోన్‌లో డాక్టర్‌కు అప్పజెప్పాడు. గమ్ అంటిన చీరను కత్తిరించి తీశారు, దుప్పటి కప్పారు. ఆక్సిజన్ పెట్టారు. అవతల నుంచి డాక్టర్ చెప్పిన ఇంజెక్షన్ నవతే ఎక్కించింది. నాడి పట్టుకుని నాలుగు నిమిషాలు లెక్కపెట్టింది. కాళ్లు ఎగరడం తగ్గింది. ఎల్లవ్వ దీర్ఘంగా, గరగరమంటూ గాలి పీల్చింది.

"నడువుండ్రి," అంది నవత. "బతుకుతది."

పరుశురాం లేచాడు. హారతి కళ్లు గట్టిగా మూసుకుంది. అతని చేయి ఆమె చెంప మీద పడలేదు. ఆమె మణికట్టు పట్టుకుని కుళాయి కింద పెట్టాడు.

"నువ్వు గూడ ముట్టినవా బిడ్డా?" అన్నాడు. సబ్బు అందుకుని ఆమె వేళ్లు ఒక్కొక్కటే రుద్దాడు.