కుళ్లాయప్ప బావి మీది ఆయిలింజను

నేను ఒక ఆయిలింజనును. పుట్టుకతోనే తాగుబోతును. ఇప్పుడు పాత ఇనుము కుప్పలో ముక్కలుగా పడి ఉన్నానుగానీ, నోటికేం రోగం? గుజరాత్ వైపు ఎక్కడో నన్ను పోతపోసి, పచ్చరంగు పూసి, లారీకెక్కించి అనంతపురం జిల్లాకు తోలారు. కుళ్లాయప్ప చీనీతోటలో, అదే బత్తాయితోటలో, బావిగట్టు మీది కొట్టంలో దించి, టెంకాయ కొట్టి హ్యాండిల్ తిప్పారు. నా తొలి కేకకు చుట్టుపక్కల ఊళ్ల కాకులన్నీ కర్ణాటకకు వలసపోయాయి. నమ్మకపోతే పోయి వాటినే అడగండి.

కుళ్లాయప్పకు నేనంటే ప్రాణం. నాకు అతనంటే డీజిలు. ఒకసారి హ్యాండిల్ ఎదురుతన్ని అతని ముంజేయి విరిచాను. కట్టు కట్టించుకొచ్చి, "అలిగినాడులే నా కొడుకు" అని నన్నే నిమిరాడు. తన్నిన ఎద్దును సంతకు తోలే మనిషి, తన్నిన ఇంజనును ముద్దు చేస్తాడు! నేను దుడుదుడుమంటుంటే పక్కనే తువ్వాలు పరుచుకొని నిద్రపోయేవాడు. నా పొగ మాత్రం నిద్రపోలేదు. అతని రొమ్ములో కాపురం పెట్టింది.

దగ్గు ముదిరింది. "ఇంక పొగ పీల్చావంటే బతకవు" అన్నాడు డాక్టరు. ఆ మాట పట్టుకొని అతని భార్య సుంకమ్మ సోలారు పంపు పెట్టించేదాకా ఊరుకోలేదు.

"ఆ ఇనుపోడు తాగినంత ఏ మొగోడూ తాగల్యా. ఇంగ వాని దగ్గరికి పోయినావంటే నా మీద ఒట్టే!"

బావిగట్టున నీలం పలకలు లేచాయి. పొగ లేదు, కంపు లేదు. ఎండ తగిలితే నీళ్లు. చప్పుడు లేకపోయేసరికి నీళ్లు పారుతున్నాయని కుళ్లాయప్పకు నమ్మకం కుదిరేది కాదు. మాటిమాటికీ లేచిపోయి కాలవలో కాలు పెట్టి చూసేవాడు.

"మూగదాన్ని తెచ్చి కట్టబెడితివి గదమ్మే."

"నోరున్నదాన్ని నేనుండా గదా, సాలదా?" అనేది సుంకమ్మ.

అతని దగ్గు తగ్గుతూ వచ్చింది. మూలనున్న నాకు కడుపు మండింది.

రోహిణి కార్తె వచ్చింది. సుంకమ్మ అన్నం తేవడానికి ఊళ్లోకి పోయింది. కుళ్లాయప్ప పలకల మీద చెయ్యి పెట్టి చూశాడు. పెనంలా కాలింది. ఎండే దానికి తిండని బిగించినవాళ్లు చెప్పే పోయారు. ఆ రోజు ఇతను తలూపాడు కూడా. తలూపడంలో మనిషి గంగిరెద్దును మించినవాడు. కానీ కాగిన ఇంజనుకు నీళ్లు పోసి పోసి పండిన చెయ్యి ఊరుకుంటుందా? గోనెపట్టాలు బావినీళ్లలో తడిపి, పసిబిడ్డకు కప్పినట్టు పలకలన్నిటికీ కప్పాడు.

పంపు ఆగిపోయింది.

"సచ్చిపాయ! నేను చెప్తే ఇనిందా సుంకమ్మ?" అన్నాడు. బాధపడాల్సిన మాట, సంబరంగా అన్నాడు. ఆ ఎండకు ఒక్క తడి తప్పినా చీనీపిందె రాలిపోతుంది. గడ్డివామిలో దాచిన డీజిలు డబ్బా తీసుకొని నా దగ్గరికి వచ్చాడు.

కావాలంటే నేను మొరాయించేవాణ్నే. ఏళ్లుగా ఆ పనే చేశాను. ఆ రోజు మాత్రం ఒక్క తిప్పుకే అందుకున్నాను. మూలపడ్డ కాలంలో పొగగొట్టం తుప్పుపట్టి ఊడింది. పొగ కొట్టంలోనే సుళ్లు తిరిగింది. "అద్దీ! ఇదీ గొంతంటే" అని గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరవలేదు.

అన్నంగిన్నెతో వచ్చిన సుంకమ్మ అతన్ని బయటికి ఈడ్చింది. జనం పోగయ్యారు. నన్ను ఆపడం వాళ్లలో ఒక్కరికీ రాదు. కట్టెలతో కొట్టారు, రాళ్లు వేశారు. నేను దుడుదుడుమంటూనే ఉన్నాను. నా మోతకు వాళ్ల ఏడుపు వాళ్లకే వినపడక, పాపం, గొంతు పెంచి ఏడవాల్సి వచ్చింది.

స్నానం చేయించే వేళకు ఎవరో, "కాలవ నిండా నీళ్లు పారుతాండాయి గదా అత్తా, ముంచుకొస్తాం" అన్నారు.

"వాని నీళ్లు నా మొగునికి ముట్టియ్యొద్దు."

సుంకమ్మ లేచిపోయి గోనెపట్టాలు ఒక్కొక్కటే లాగి పారేసింది. పలకలకు ఎండ తగిలింది. చచ్చిందనుకున్న పంపు, చప్పుడు చేయకుండా, బిందె నింపింది. ఆ బిందె ఆమే మోసుకుపోయింది.

అతను పోసిన డీజిలు అయిపోయేదాకా నేను ఆగలేదు.

కర్మాంతరాలయ్యాక పాత సామాన్లవాడు వచ్చి నన్ను అటూ ఇటూ తట్టి చూశాడు. "ఇంగా పనిజేస్తాదా అక్కా?"

"శానా బాగా జేస్తాది," అంది సుంకమ్మ. "అందుకే ఈడనే, నా కండ్ల ముందరే పగలగొట్టు."