పగటి లైట్లు

మా కారుకి పట్టపగలే లైట్లు వెలుగుతాయి. స్టార్ట్ చేస్తే చాలు, హెడ్‌లైట్ల కింద సన్నగా రెండు తెల్ల గీతలు. అవి కంపెనీవాడు పెట్టినవేనని, ఆర్పడానికి స్విచ్చే లేదని ఆ రోజుల్లో సంతబొమ్మాళి రోడ్డు మీద ఒక్కరికీ తెలియదు. మా ఆయన ఢిల్లీశ్వరరావు నడుపుతుంటే ఎదురొచ్చిన ప్రతివాడూ చెయ్యెత్తి, అయిదు వేళ్లూ ముడిచి తెరిచి చూపించేవాడు. లైటు వెలుగుతోంది, ఆర్పుకో అని. చేపల సైకిల్ మీద గున్నయ్య, టీ కొట్టులోంచి రామూర్తి, వల భుజానేసుకుని దాలయ్య. పక్కన కూర్చున్న నాకు ఒళ్లు మండేది. వీళ్లకి వేరే పనేం లేదా అని. ఈయనకేమో సంబరం. ఒక్కొక్కరికీ చెయ్యెత్తి జవాబిచ్చేవారు. సంగతి తెలిశాక కూడా వాళ్లు మానలేదు. అదొక పలకరింపైపోయింది. ఎంత బాగుండేవో ఆ ప్రయాణాలు!

తరవాత షుగరు ఆయన కళ్లు రెండూ తినేసింది. స్టీరింగ్ నా చేతికొచ్చింది. ఆదివారం పొద్దున్నే భావనపాడు వెళ్లి చేపలు తెచ్చుకోవడం మాత్రం మానలేదు. దారంతా ఆయనది ఒకటే ప్రశ్న.

“ఎవులైనా సెయ్యి సూపించేరా?”

మొదట్లో ఒకరో ఇద్దరో చూపించేవారు. రానురాను అదీ లేదు. ఎందుకా అని ఒకరోజు బండి ముందుకెళ్లి చూద్దును కదా, పగటి లైట్లు రెండూ చచ్చి ఉన్నాయి. హెడ్‌లైట్లు కూడా గుడ్డిదీపాల్లా ఉన్నాయి. అదీ సంగతి అనుకున్నాను. ఎవరూ లేరని చెబితే ఆయన ముఖం ఎలా అయిపోతుందో నాకు తెలుసు. అందుకని నోటికొచ్చిన పేర్లు చెప్పేదాన్ని. గున్నయ్య చూపించాడండీ, దాలయ్య నవ్వుతున్నాడండీ అని. అబద్ధమే. అయితే ఏం? కానీ ఎంతకాలమని కల్పించను? లైట్లు బాగుచేయిస్తే మళ్లీ అందరూ చూపిస్తారు, అప్పుడు నిజమే చెప్పొచ్చు.

హెడ్‌లైట్ల కోసమని ఆయనకి చెప్పి, ఆయన్నీ ఎక్కించుకుని కారు టెక్కలి తీసుకెళ్లాను. బండ్ల కరెంటు పని చేసే ప్రేమ్‌కుమార్ బానెట్ ఎత్తి ఫ్యూజులు చూశాడు. బాగున్నాయి. బల్బులు మార్చి చూశాడు. తేడా లేదు.

“హెడ్‌లైట్లు ఎలాగోలా ఎలిగిత్తాను గానీ, పగటి లైట్లు ఎందుకమ్మా? సూరీడు సాలడా?” అన్నాడు గట్టిగా.

వాడి నోరు నొక్కినంత పని చేశాను. కారులో కూర్చున్న ఆయన్ని చూపించి, పక్కకి లాక్కెళ్లి సంగతంతా గుసగుసగా చెప్పాను. వాడు టెస్ట్ లైటు పుచ్చుకుని ఒక్కో వైరూ వెతుక్కుంటూ పోయాడు. చివరికి హెడ్‌లైటు వెనకాల, ఎర్తు వైరుని బాడీకి బిగించిన బోల్టు దగ్గర ఆగాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టి వేలు తగిలితే రాలిపోతోంది.

“కరెంటు వత్తంది గానీ తిరిగెల్లడానికి దారి నేదమ్మా. అందుకే ఇవి ఆరిపోనాయి, అవి మసకేసినాయి.”

గరుకు కాగితంతో ఆ చోటంతా గీకి, కొత్త క్లిప్పు వేసి, గ్రీజు రాసి బిగించాడు. స్టార్ట్ చేశాను. కొట్టు రేకు తలుపు మీద రెండు తెల్ల గీతలు మెరిశాయి. నాకు గంతెయ్యాలనిపించింది.

అటునుంచి అటే భావనపాడు దారి పట్టాం. నౌపడా దాటింది. ఉప్పుమళ్లు దాటాయి. ఎదురొచ్చే ప్రతి ముఖంలోకీ ఆశగా చూశాను. ఒక్క చెయ్యీ లేవలేదు. అప్పుడు గమనించాను, ఎదురొచ్చే ప్రతి బైకుకీ పట్టపగలే లైటు వెలుగుతోంది. ఎన్నేళ్లుగా వెలుగుతున్నాయో, నేనే పట్టించుకోలేదు. ఇంక ఎవరు ఎవరికని చెయ్యి చూపిస్తారు?

“ఎవులైనా సూపించేరా?” అన్నారు ఆయన.

ఎందుకో ఆ పూట కల్పించబుద్ధి కాలేదు.

“ఎవరూ లేరండీ.”

“గున్నయ్య కూడానా?”

నేను గేరు మార్చాను.

“మొన్న సూపించేడన్నావు. ఆడు పోయి రెండేళ్లయింది కదే. ఆడి దినానికి మనిద్దరం ఎల్లేం.”

నా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. తమాయించుకుని, “తెలిసీ అప్పుడే అడగలేదేం?” అన్నాను.

“అడిగితే సెప్పడం మానేత్తావని.”

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఇన్నాళ్లూ ఈ మనిషిని నేను కనిపెట్టుకుని ఉన్నాననుకున్నాను.

రోడ్డు ఎడమకి తిరిగింది. ఆయన కిటికీ వైపు ముఖం పెట్టారు.

“రామూర్తి కొట్టు వచ్చినట్టుందే?”

ఆ కొట్టు తీసేసి రొయ్యల మేత గోడౌను కట్టారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

“వచ్చిందండీ. గ్లాసు పక్కన పెట్టి మరీ చెయ్యి చూపిస్తున్నాడు,” అన్నాను.

ఆయన నవ్వి, కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి పైకెత్తారు. ఎదురుగా బైకు మీద వస్తున్న కుర్రాడు తనకి కాదనుకుని వెనక్కి తిరిగి చూశాడు.