బెల్లం వేసిన చేపల పులుసు

చేపల పులుసులో మామిడికాయ టెంకతో వెయ్యాలా, టెంక తీసి వెయ్యాలా అని మా అత్తగారికీ, మా తోడికోడలు మస్తానమ్మక్కకూ పొద్దున్నే పేచీ వచ్చింది. పులికాటు నుంచి పేరమ్మ అమ్మకానికి తట్టలో తెచ్చిన చేపలు అప్పటికే కడిగి ఉన్నాయి.

“టెంక లేకుంటే పులుపు యాడినించి వస్తదిమే? మీ పుట్టింట్లో టెంకలు దాచిపెట్టుకుంటారేమో!”

“మా పుట్టింటి మాటెందుకత్తా? టెంకేస్తే వగరు. పోయినసారి తిన్నోళ్ళంతా నీళ్ళు తాగతానే ఉండారు.”

“నీళ్ళు తాగింది నువ్వేసిన ఉప్పుకి!”

పెరటి గుమ్మంలో నిలబడి హాయిగా వింటున్నాను. నా మెట్టెలు చప్పుడయ్యాయి. ఇద్దరూ టక్కున ఆగి, నా వైపు తిరిగి నవ్వారు. మద్రాసు ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ నాకు ఎదురవుతున్న నవ్వే అది, చంటిపిల్లకు మందు తాగించేటప్పటి నవ్వు.

“నువ్వు చెప్పమ్మా ప్రమీలా, ఎట్టా చేద్దాం?” అన్నారు అత్తగారు. జబ్బు చెయ్యక ముందు ఆవిడ నన్ను ఏనాడూ ‘అమ్మా’ అనలేదు. ‘ఏందిమే’ అనేవారు.

“టెంకతోనే వెయ్యండి,” అన్నాను.

“అట్నే,” అన్నారిద్దరూ.

“వద్దులే, తీసెయ్యండి.”

“అట్నే.”

“గుప్పెడు బెల్లం కూడా వెయ్యండి.”

మస్తానమ్మక్క చేతిలో కత్తి ఆగింది. అత్తగారు బెల్లం డబ్బా మూత తీశారు. “అట్నేనమ్మా,” అన్నారు.

నన్ను ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు మా ఆయనతో, “ఆమెతో వాదనలు పెట్టుకోవద్దు” అన్నారట. అది మా ఊరు దొరవారిసత్రం చేరేసరికి, నేను ఏమన్నా సరే కాదనకూడదని అయింది. మా ఇంట్లో ఏదైనా అంతే, చారెడు చెబితే గంపెడు చేస్తారు.

నా జబ్బు సంగతి దాచేదేమీ లేదు. పోయిన వానాకాలంలో మా చేలో ఆయిలింజను నన్ను పేరు పెట్టి పిలిచేది. పిలిచి ఊరుకోకుండా పనులు చెప్పేది. దాని మాట విని ఇంట్లో ఇత్తడి బిందెలన్నీ వరిమడిలో పాతిపెట్టి వచ్చాను. వాటికోసం మా మామగారు మడంతా తవ్వించాల్సి వచ్చింది. ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నాను. నోరు ఎండుతుంది, చేతులు వణుకుతాయి, ఎండ పడదు. కానీ ఇంజను నోరు మూసుకుంది.

మొన్న మధ్యాహ్నం మాత్రం దడదడమని వినిపించింది. పిలుపు లేదు, ఉత్త చప్పుడే.

“ఇంజను ఆడుతోందా?” అని మా ఆయన్ని అడిగాను.

“ఆ, ఆడతా ఉండాదిలే,” అన్నారాయన మెత్తగా.

ఎండ తగ్గాక చేనుకు వెళ్ళి చూశాను. ఇంజను చక్రం ఊడదీసి ఉంది. బెల్టు మీద కోడిపెట్ట పడుకుని ఉంది.

చప్పుడు విన్నందుకు నాకు భయం వెయ్యలేదు. అలాంటివి కొన్నాళ్ళు వస్తూ పోతూ ఉంటాయని డాక్టరు గారు ముందే చెప్పారు. మా ఆయన ‘ఆడతా ఉండాది’ అన్నందుకు భయం వేసింది. లేదని ఎవరైనా చెబితే, అది నా తలలోదని తెలుసుకుని నా పని నేను చూసుకుంటాను. అందరూ ఉందనే అంటే, ఏది ఉందో ఏది లేదో నాకు తెలిసేదెట్లా?

ఈ ఇంట్లో ఒక్కరి నోటైనా ‘కాదు’ అనిపించాలని ఆ సాయంత్రమే పట్టుపట్టాను.

బర్రెను ఇకనించి కలెక్టరు అని పిలవాలన్నాను. మర్నాడు పొద్దున మామగారు “కలెక్టరూ, కాలు తియ్” అంటూ పాలు పితికారు. మా ఆయన్ని మీసం తీసెయ్యమన్నాను. తీసేశారు. ఆ ముఖం చూసి జాలివేసింది గానీ, నా పని నేను ఆపలేదు. ఇవాళ బెల్లం దాకా వచ్చాను.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. నన్ను చుట్టంలా మగవాళ్ళ పక్కన కూర్చోబెట్టి వడ్డిస్తున్నారీ మధ్య. మామగారు మొదటి ముద్ద కళ్ళు మూసుకుని మింగారు.

“బెమ్మాండంగా ఉండాది,” అన్నారు.

“బో బాగుండాది,” అన్నారు మా ఆయన. మీసం లేని పైపెదవి వణికింది. మస్తానమ్మక్క పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నాకూ నచ్చింది అత్తా,” అన్నాను. “సగం రేపటికుంచుదాం. ఇకనించి మనింట్లో పులుసు ఎప్పుడూ ఇట్నే పెడదాం.”

ఈ పూట దించిన పులుసు దాకలో ఊరి రేపటికి రుచెక్కాలి. ఆ రేపటి పులుసు కోసం మా మామగారు ముందురోజు కొంచెం తక్కువే తింటారు. దానిజోలికి ఈ ఇంట్లో ఎవరూ పోరు. అత్తగారి చేతిలో గరిటె బిగుసుకుంది.

“పెట్టను,” అన్నారు.

“అమ్మా, డాక్టరు గారు...” అని మా ఆయన లేవబోయారు.

“ఆ డాక్టరునే వచ్చి తినమను ఈ పాయసం! చేపకి బెల్లమేందిమే? బుద్ధుండాదా నీకు? మామ ముఖం చూడు, ఆముదం తాగినట్టు ఎట్టా పెట్టుకోనుండాడో!”

‘మే’ అన్న మాట విని ఎన్నాళ్ళయింది! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడే దూరంగా దడదడ మొదలైంది.

“అత్తా, ఇంజను ఆడుతోందా?”

ఆవిడ గుమ్మం వైపు చెవి పెట్టి, నిజంగానే విన్నారు.

“యాడాడేది? నిన్ననే రిపేరుకని నెల్లూరికి పోయుండాది గదా. నీకు వినపడతా ఉండాదా?”

“కొద్దిగా.”

“అయితే అది లేదు. మాత్రేసుకున్నావా?”

“అన్నం తిన్నాక.”

“తిను ముందు. ఆ పులుసు కాదుమే, పెరుగేసుకో.”

పెరుగేసుకుని తిన్నాను. చప్పుడు వినిపిస్తూనే ఉంది. వినిపించనీ అనుకున్నాను, లేదని తెలిసిపోయింది కదా.

అత్తగారు గరిటెతో దాక అంచు మీద ఠంగుమనిపించారు.

“అందరూ ఇనండి. ఈ పిల్ల అడిగితే ఉండేది ఉండాదనాల, లేంది లేదనాల. ఊరికే ఊ కొట్టినోళ్ళకు ఈ పొద్దునించి నా పులుసు లేదు. ఈ దాక కలెక్టరుకు పోసేసి, సాయంత్రం టెంకతో మళ్ళా పెడతా.” అని మా ఆయన వైపు తిరిగారు. “నువ్వు మీసం పెంచుకో అబ్బయా.”