ఒకటే మెడ

భర్త సుభాన్ పోయాక హలీమాబీ ఇంట్లో పలకరించే మనిషి లేడు. ఒక గ్లాసు టీ, ఒక్కరికి సరిపడా రొట్టె. తలుపు వేసుకుని ఆత్మకూరు మహిళా సంఘం కుట్టు సెంటరుకు వస్తే మాత్రం ఆరుగురి మాటలు, మధ్యాహ్నం చాప పరుచుకుని విప్పే ఆరు టిఫిన్ డబ్బాలు. ఆ చాప మీద చోటు పోతే తనకు ఇంకెక్కడా చోటు లేదని ఆమెకు తెలుసు.

మూలన ఏడో మిషను మీద పాత చీర ముక్క కప్పి ఉంటుంది. అది మిస్బాది. దారం నాసిరకమని, గుండీలు ఊడిపోతాయని రెండేళ్ల కిందట ఆ పిల్ల మీటింగులో అన్నది. ఆమెను ఎవరూ పొమ్మనలేదు. చాప మీద చోటిచ్చి ఎవరూ జరగలేదు, అంతే. పది రోజులు మిషను దగ్గరే తిని, తర్వాత రావడం మానేసింది. దారం మార్చక్కర్లేదన్న ఆనాటి తీర్మానం కింద హలీమాబీ కూడా వేలిముద్ర వేసింది. అందులో ఏం రాశారో చదవడం అప్పటికి ఆమెకు రాదు.

ఇప్పుడు వచ్చు. సంఘం పుస్తకం రాసే సుహాసిని ఓపికగా నేర్పింది.

సోమవారం బడి యూనిఫాంల మీటింగు పెట్టారు. అధ్యక్షురాలు సుభద్రమ్మ కత్తెర పక్కన పెట్టి, "బడి తెరిసేందుకు పది దినాలు గూడ లేవు. మూడు, నాలుగు, ఐదు తరగతుల అంగీలకు మెడ పన్నెండు ఇంచులే పెడ్దాం. గుడ్డ మడతలేసి ఒక్కపారే కోసెయ్యొచ్చు," అన్నది. అందరూ తలలూపారు. సుహాసిని తీర్మానం రాసి, సంతకాలకు పుస్తకం జరిపింది.

హలీమాబీ అక్షరాల కింద వేలు పెట్టి మెల్లగా చదువుకుంటూ ఒక మాట దగ్గర ఆగింది.

"ఏ... క... గ్రీ... వం. గిదేంది బిడ్డా?"

"అందరం ఒప్పుకున్నట్టు, పెద్దమ్మా."

"గా మాటల అందరం ఏడుంది?"

సుహాసిని ఫోనులో వెతికింది. "ఏక అంటే ఒకటి. గ్రీవం అంటే మెడ అంట."

"ఒకటే మెడనా? గట్లయితే మన ఆరుగురికి ఒక్క గొలుసు సాలు," అన్నది పక్క మిషను అమృతమ్మ. అందరూ నవ్వారు.

హలీమాబీకి నవ్వు రాలేదు. ఆమె చూపు మూలనున్న చీర ముక్క మీదికి పోయింది. పెన్ను కింద పెట్టింది.

"పిల్లలకు ఒకటే మెడ ఉంటదా సుభద్రమ్మా? మూడోదాన్ల పోరనికి భుజం మీదికి జారుతది. ఐదోదాన్ల పోరనికి గొంతుకు బిగుస్తది. నేను ఒప్పుకుంటలేను."

"పదేండ్లసంది గా మాట లేని పేజీ లేదు గీ పుస్తకంల. సదువు రాంగనే గిట్లనా?" అన్నది సుభద్రమ్మ.

"సదువు రాకముందు గూడ ఒప్పుకోలే. చెప్పలే, గంతే."

ఎవరో మిషను తొక్కడం మొదలుపెట్టారు. సంతకాలు కాకుండానే మీటింగు ముగిసింది.

మధ్యాహ్నం చాప మీద ఎవరూ జరగలేదు. అమృతమ్మ ఒకసారి తలెత్తి చూసి మళ్లీ దించుకుంది. హలీమాబీ తన మిషను దగ్గరే డబ్బా విప్పింది. రొట్టె నమిలే చప్పుడు తనకే వినిపించింది.

తిన్నాక సుభద్రమ్మ టేపు తీసుకుని వీధిలోకి పోయి, ఆడుకుంటున్న ఇద్దరు పిల్లల మెడలు కొలిచింది. లోపలికి వచ్చి ఎవరి మొహమూ చూడకుండా అన్నది:

"సుహాసినీ, గా మాట కొట్టెయ్. హలీమాబీ ఒప్పుకోలేదని రాయ్. ఎందుకు ఒప్పుకోలేదో అది గూడ రాయ్. మెడ సంగతి రేపు మళ్ల మాట్లాడ్దాం. ఇంకెవరన్న కాదనేటోళ్లుంటే ఈడనే అనుండ్రి."

సుహాసిని రాసి పుస్తకం జరిపింది. హలీమాబీ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంది. పేజీ మొత్తంలో కాదన్న పేరు అదొక్కటే. దాని కింద సంతకం పెట్టింది.

సాయంత్రం ఇంటికి పోకుండా మిస్బా వాళ్ల గల్లీలోకి తిరిగింది. తలుపు తీసిన మిస్బా, "ఖాలా, ఏంది గిట్లొచ్చినవ్?" అన్నది.

"గప్పుడు నీకు ఎదురు నేను గూడ వేలిముద్ర ఏసిన బిడ్డా. దారం నాసిరకమే. రేపు మళ్ల మీటింగుంది. నీ మిషనుకు నూనె ఏసొచ్చిన."

మిస్బా తలుపు పట్టుకునే నిలబడింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. హలీమాబీ గడప బయటే నిలబడింది.