బేలు కట్టు

ఆదోనిలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లు ఆవరణలోని వేపమాను పంగ దగ్గర చీలినప్పుడు, దాన్ని నిలబెట్టే పని దస్తగిరి మీద పడింది. ముప్పై ఏళ్లుగా పత్తి బేళ్లకు ఇనుప పట్టీలు బిగించిన చెయ్యి అతనిది. కర్నూలు నుంచి చెట్ల సంగతి తెలిసిన ఒకాయన వచ్చి, కొమ్మలకు బొక్కలు వేసి స్టీలు కడ్డీలు దూర్చమనీ, వాటికే ఉక్కు కేబుల్ తగిలించమనీ చెప్పి పోయాడు.

"పానమున్న మానుకు బొక్కలేస్తారా యాడన్నా? బేలు మాదిరి సుట్టూ బిగిస్తే సాలదా?" అని దస్తగిరి ఎగిరిపడ్డాడు. డ్రిల్లును ముట్టనైనా ముట్టలేదు. కేబుల్‌ను కొమ్మల చుట్టూ తిప్పి, వేలు కూడా దూరనంత గట్టిగా బిగించాడు.

ఎమ్మిగనూరు బస్సులో వచ్చి పత్తిలో చెత్త ఏరే ఉరుకుందమ్మ ఆ చీలిన కొమ్మ కింద కూర్చోడానికి జంకింది.

"కట్టినోన్ని నేను గదమ్మా, ఈడే కూసో" అన్నాడు దస్తగిరి.

నాలుగేళ్లు ఆమె అక్కడే సద్ది తింది.

మొన్న మధ్యాహ్నం ఆకు కూడా కదలని ఎండలో ఆ కొమ్మ ఫెళ్లున విరిగి ఆమె మీద పడింది. పదిమంది పట్టి లేపేసరికే ప్రాణం పోయింది.

విరిగిన చోట దస్తగిరి తడిమి చూశాడు. కేబుల్ బెరడును కోసుకుంటూ నాలుగు వేళ్ల లోతు దిగింది. కట్టిన బేలు పెరగదు. మాను పెరిగింది.

ఉరుకుందమ్మ మొగుడు గిడ్డయ్య వచ్చి అతని చేతులు పట్టుకున్నాడు. "నువ్వు కట్టబట్టే ఇన్నేండ్లన్నా నిలిచిందిలే అన్నా" అని ఏడ్చాడు.

దస్తగిరి చేతులు విడిపించుకున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి ఆ కేబుల్ కోత మీద కప్పాడు.