గులాబీ రంగు పుప్పొడి

అతనిది కట్టుడు పళ్ళ పని. డాక్టర్లు పంపిన అచ్చుల మీద గులాబీ రంగు మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు ఒక్కొక్కటే పేర్చి, పై దవడా కింది దవడా సరిగ్గా కలిసేలా చూస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు కుదురుస్తూ తన నోరు విప్పడం మర్చిపోయాడని అక్క ఎగతాళి చేస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు. అతను మాట్లాడేదంతా ఆన్‌లైన్‌లో, ‘చిరుజీవులు’ అనే చిన్న గుంపులోనే. పురుగుల ఫొటోలు తీసే ముప్పై ఏడుగురు సభ్యులు. పాత కెమెరాలు, తిరగేసి తగిలించిన లెన్సులు, వాటిలోంచి గుమ్మడికాయంత కనిపించే చీమ తలలు. అక్కడ అతని పేరు భూతద్దం.

ఆ గుంపుకు ఒక్కటే నియమం. చచ్చిన పురుగును బతికున్నట్టు చూపించకూడదు.

మూడేళ్ళపాటు అతను ఆ గీత దాటలేదు. ఒక మధ్యాహ్నం, పని గది కిటికీ గట్టు మీద నీలిచారల తేనెటీగ ఒకటి చచ్చి పడి ఉంది. రెక్కలు నలగలేదు, చారలు వెలిసిపోలేదు. ఈ జాతిలో మగవాటికి గూడుండదు. పొద్దువాలగానే ఏదో ఒక పుల్లను దవడలతో కరిచి పట్టుకుని, అలాగే నిద్రపోతాయి. ఆ నిద్రను ఫొటో తీయాలని అతను రెండేళ్ళుగా తిరుగుతున్నాడు. ఒక్కసారీ కుదరలేదు. ఇప్పుడు ఈగ అరచేతిలో ఉంది, మైనం బల్ల మీద ఉంది. ఆలోచించానని అతను తర్వాత కూడా చెప్పలేకపోయాడు. చేతులు అలవాటైన పని చేసుకుపోయాయి. గడ్డిపుల్లకు సూదిమొనతో రవ్వంత మైనం అంటించి, ఈగ మూతిని అక్కడ ఆనించాడు. ఫొటోకు ‘నిద్ర’ అని పేరు పెట్టాడు.

గుంపులో అందరూ ఆకాశానికెత్తేశారు. గుంపు నడిపే మందుల షాపాయన ఆ ఫొటోను పేజీ నెత్తిన పెట్టాడు. మూడో రోజు టీచరుగారు రాశారు. రిటైరైన సైన్సు టీచరు. ఏ పువ్వు పుప్పొడి ఏ రంగో ఆరేళ్ళుగా ఒక పట్టిక రాస్తున్నారు. నూట పన్నెండు పువ్వులయ్యాయి.

“భూతద్దం గారూ, ఎంత బాగుందో. మూతి దగ్గర చిన్న గులాబీ చుక్క చూశారా? పుప్పొడే అనుకుంటాను. నా పట్టికలో ఈ రంగు లేదు. ఆ చుట్టుపక్కల ఏ పువ్వులున్నాయో కాస్త చెబుతారా?”

అతను ఫొటోను పెద్దది చేసి చూశాడు. మైనం. ఎన్ని వేల చిగుళ్ళు కట్టాడో ఆ రంగుతో. కంటికి ఎంత అలవాటైపోయిందంటే, అక్కడ ఉన్నట్టే తోచలేదు. దొంగవని ఆవిడ నిలదీసి ఉంటే వాదించేవాడేమో. ఆవిడ నమ్మింది. నమ్మకం ముందు ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు.

“గమనించలేదండీ” అని రాశాడు. మొదటి అబద్ధం చేతులు ఆడాయి, ఇది మాత్రం తనే ఆడాడు. ఆ తేడా అతనికి స్పష్టంగా తెలిసింది.

“పర్లేదు లెండి, నేనే వెతుకుతాను. మోకాళ్ళు ఇంకా చెప్పిన మాట వింటున్నాయి” అన్నారు టీచరుగారు.

మర్నాటి నుంచి రోజుకొక కబురు పెట్టసాగారు. ఈ రోజు కాలువ గట్టు, దొరకలేదు. ఈ రోజు రైలు పట్టాల పక్క, దొరకలేదు.

అతను ఒక నిశ్చయానికి వచ్చాడు. నిజంగా నిద్రపోతున్న ఈగను పట్టుకోవాలి. ఆ ఫొటో తెచ్చి, చప్పుడు చెయ్యకుండా పాతదాని చోట పెట్టెయ్యాలి. అప్పుడు జరిగిందంతా దానంతటదే నిజమైపోతుందని మనసు నచ్చజెప్పింది. మనసు ఇంత తీయగా మాట్లాడితే అనుమానించాలని అతనికి తెలుసు. అయినా అలారం పెట్టుకున్నాడు.

అక్క స్కూలు బస్సు నడుపుతుంది. ఐదున్నరకు ఖాళీ బస్సు తీస్తుంది.

“నన్ను నీళ్ళ ట్యాంకు వెనక ఖాళీ స్థలం దగ్గర దింపెయ్యక్కా.”

“పెళ్ళిచూపులకే ఎనిమిదింటిదాకా లేవలేదు కదరా నువ్వు. ఏముంది అక్కడ?”

“నిద్రపోయే ఈగలు.”

“మా బస్సులో నలభై మంది నిద్రపోతారు, నోళ్ళు తెరుచుకుని మరీ. వాళ్ళని తియ్యరాదూ, ఆ ముళ్ళల్లో పడి తిరగడమెందుకు?”

మొదటి నాలుగు రోజులు మంచూ ముళ్ళూ తప్ప ఏమీ లేవు. ఐదో రోజు వాన. అక్క వద్దంటున్నా గొడుగు పట్టుకుని దిగాడు. వంగి వంగి నడుము పట్టేసింది, పని గదిలో కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకోవాల్సి వచ్చింది. మర్నాడు మళ్ళీ బస్సెక్కాడు. ప్రతి పుల్లా చూడాలి, ఒక్కటీ వదలకూడదు. అంతకు మించి ఏదీ ఆలోచించకుండా ఉండటానికి ఆ పని బాగా పనికొచ్చింది.

తొమ్మిదో రోజు కనిపించింది.

ఎండిన పుల్ల చివర, మంచు బొట్లు పట్టి ఉంది. కాళ్ళు ఒంటికి ముడుచుకుంది. దేన్నీ తాకడం లేదు. ఒంటి బరువంతా ఆ దవడల మీదే ఉంది, ఒళ్ళు మాత్రం పుల్లకు అడ్డంగా, బిగువుగా నిలిచి ఉంది. తన ఫొటోలోని ఈగ వేలాడింది. ఇది కరిచింది. ఇరవై రెండేళ్ళుగా దవడలు కుదిర్చే మనిషికి, ఆ తేడా ఇవాళ కనిపించింది.

గాలికి పుల్ల ఊగుతోంది. ఊపిరి బిగబట్టి నలభై ఫొటోలు తీశాడు. ఒక్కటి కుదిరింది, అందులోనూ ఒక మీసం మసకే. ఎండ తగలగానే ఈగ పొట్ట ఆడింది. దవడలు వదిలి, కాళ్ళతో మూతి తుడుచుకుని, వెళ్ళిపోయింది.

అక్కడే చతికిలబడి ఫోన్ తీశాడు, ఫొటో మార్చడం ఎంతసేపు. టీచరుగారి కబురు ముందే వచ్చి ఉంది.

“నిన్నా దొరకలేదు. నూట పదమూడో వరుస ఖాళీగా ఉంచి, ‘భూతద్దం గారి పువ్వు’ అని రాసుకున్నాను. దొరక్కుండా ఎక్కడికి పోతుంది?”

ఫోన్ జేబులో పెట్టేశాడు.

పిల్లల్ని దింపి వస్తూ అక్క అతన్ని ఎక్కించుకుంది.

“అక్కా, నేనొకరిని మోసం చేశాను.”

బస్సు వేగం తగ్గింది. “ఎవర్నిరా? ఎవరమ్మాయి?”

“టీచరుగారు. డెబ్బై ఏళ్ళుంటాయి.”

అక్క అతని వంక ఒకసారి చూసి, మళ్ళీ రోడ్డు చూసింది. “సరే, చెప్పు.”

చెప్పాడు. ఈగ, మైనం, పట్టిక, అన్నీ.

“ఒప్పుకుంటే ఏం చేస్తారు?”

“గుంపులోంచి తీసేస్తారేమో. నాకింకెవరున్నారక్కా మాట్లాడటానికి?”

“నేను మనిషిని కాదు కాబోలు. ఒప్పుకోకపోతే?”

“ఆవిడ వెతుకుతూనే ఉంటుంది.”

అక్క గేరు మార్చింది. “తెలిసినవాడివి నన్నెందుకురా అడుగుతావు?”

పని గదిలో కూర్చుని మూడు ఫొటోలు వరసగా పెట్టాడు. పాతది. సూదిమొన మీద గులాబీ మైనం. పొద్దున తీసింది. కింద రాశాడు. “మొదటి ఈగ చచ్చినది. నేనే, కట్టుడు పళ్ళకు వాడే మైనంతో అంటించాను. టీచరుగారూ, అది పుప్పొడి కాదు. గమనించలేదన్నది కూడా అబద్ధమే. మూడోది నిజం.” ఒక్కమాటా దిద్దకుండా పంపి, ఒక ముసలాయన కింది దవడ అచ్చు ముందుకు లాక్కున్నాడు. సాయంత్రం దాకా పళ్ళే పేర్చాడు.

ఫోన్ తీసేసరికి పేజీ నెత్తిన పాత ఫొటో లేదు. మూడు నెలలు ఫొటోలు పెట్టడానికి వీల్లేదని, మాట్లాడటానికి అడ్డు లేదని మందుల షాపాయన రాశాడు. “అంత బాగా అంటిస్తావని తెలిస్తే నా పన్ను నీకే ఇచ్చేవాణ్ణి” అని ఇంకొకరు. టీచరుగారి మాట అన్నిటికన్నా కింద ఉంది.

“నూట పదమూడు కొట్టేశాను. కోపం వచ్చింది, దాచను. ఇన్ని రోజులు నడిపించారు నన్ను. దారిలో నాకు తెలియని రంగులు రెండు దొరికాయి, అవి మాత్రం మీ చలవ అనుకోకండి. సరే, కొత్త ఫొటోలో ఈగ కరిచిన పుల్ల ఏ మొక్కది?”

అతను చూసుకోలేదు. ఈగ తప్ప ఇంకేదీ చూడలేదు.

“తెలియదండీ. రేపు పొద్దున వెళ్ళి చూసి చెబుతాను.”

లేవబోతే నడుము కలుక్కుమంది. బల్ల పట్టుకుని నిలబడి, అక్కకు ఫోన్ చేశాడు.

“రేపు కూడా ఐదున్నరకేనక్కా.”

“మళ్ళీ ఈగా?”

“కాదు, పుల్ల.”