జడలా కట్టిన కేబుళ్లు

దగ్గరికి రావే తల్లీ, దువ్వెన పక్కన పెట్టి నా మోకాలికి ఆనుకుని కూర్చో. నీకు జడ వేస్తుంటే మీ నాన్న ఎందుకు లేచి బయటికి పోతాడని అడిగావుగా, చెబుతాను.

మీ నాన్న ఫ్యాక్టరీలో కేబుళ్లు వేసేవాడు. ఎన్ని కేబుళ్లున్నా పక్కపక్కన పొందిగ్గా పేర్చి, జడ అల్లినట్టు బిగించి కట్టేవాడు. ఒక్కటీ వంకరపోయేది కాదు. ‘జడల మేస్త్రి’ అనేవారు అందరూ. నేనూ మురిసిపోయాను, నా అల్లుడు కదా!

రేకుల్ని నొక్కే కొత్త ప్రెస్సు మిషను పెట్టినప్పుడు, మోటార్లకు కరెంటు తీసుకెళ్లే లావుపాటి కేబుళ్లతోనే, మిషనుకు ఆగమనీ కదలమనీ కబురు మోసే సన్న కేబులునూ కలిపి కట్టేశాడు. విడిగా వేస్తే గోడ మీద రెండు దారులు, చూపుకి బాగుండదని. ఆ మిషను మీదే మీ బాబాయికి పని.

కొన్నాళ్లకు బాబాయి భోజనాల దగ్గర మొదలుపెట్టాడు.

“అన్నయ్యా, పెద్ద మోటారు తిరగడం మొదలెట్టినప్పుడల్లా నా మిషనుకి చెవుడొస్తోంది. ఆగమంటే ఆగట్లేదు.”

“దానికి చెవుడు కాదురా, నీ వేలికి నీరసం. ఇంకాస్త పెట్టించుకో.”

అందరం నవ్వాం.

మర్నాడు చూసొచ్చాక మీ నాన్న నవ్వలేదు. సంతలో చెవిలో చెప్పిన మాటలా, లావు కేబుళ్ల రొదలో సన్న కేబులు కబురు చెడిపోతోంది. దాన్ని విప్పి అవతలి గోడ మీదుగా తెస్తానని సూపర్‌వైజరు కాళ్లావేళ్లా పడ్డాడు.

“నాకూ తెలుసయ్యా. పని ఆగిన రోజున వేద్దువుగాని.”

“అందాకా మా తమ్ముణ్ణి వేరే మిషనుకి మార్చండి సార్.”

“ఎవరి తమ్ముణ్ణి నిలబెట్టమంటావు అక్కడ?”

మీ నాన్న వెనక్కి తిరిగి వచ్చేశాడు.

పని ఆగలేదు. ఒక మధ్యాహ్నం రేకు ఇరుక్కుంటే, ఆగమని మీట నొక్కి బాబాయి చెయ్యి పెట్టాడు. అదే క్షణంలో పెద్ద మోటారు మొదలైంది. ఆగిందనుకున్న ప్రెస్సు కిందికి దిగింది. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

అప్పుడైనా ఆపారనుకున్నావా? తుడిచి, సాయంత్రానికల్లా మళ్లీ నడిపారు. మీ నాన్న చాటుగా ఆ కట్టు విప్పబోతే పట్టుకుని పనిలోంచి తీసేశారు. అది ఇప్పటికీ అలాగే ఉందట, నున్నగా, చక్కగా. దాని కింద ఇంకెవరి తమ్ముడో నిలబడుతున్నాడు.

బాబాయి ఇప్పటిదాకా మీ నాన్నని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఇక ఇటు తిరుగు, జడ వేస్తాను. మీ నాన్న ఎలాగూ బయటికి వెళ్లిపోయాడు. ఇది మాత్రం గుర్తుపెట్టుకో తల్లీ. రేపు నీ పిల్లలకి చెప్పేటప్పుడు చెయ్యి సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోకు. ఆ కట్టు ఎంత అందంగా ఉండేదో, అది కూడా చెప్పు.